ఐదెకరాల బుడ్డల రైతు గానుగ కొనొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కళ్యాణదుర్గం వైపు ఐదెకరాల మెట్ట, వానకు పండే వేరుశనగ, అదే మన బుడ్డలు. కాయగా అమ్మితే కూలీలకు, ఎరువులకు పోగా ఏమీ మిగలడం లేదు. కట్టె గానుగ కొని నూనె తీసి అమ్మాలని మీ ఆలోచన. "మనం పండించేటోళ్లం, అమ్ముకునేటోళ్లం కాదు" అని మీ నాయన. లోను, రాయితీ వస్తాయంటున్నారు, కొనమంటారా అని అడిగారు.

ఈ ఏడాది గానుగ కొనొద్దు. పంటలో కొంత భాగం మాత్రం పక్కన పెట్టి, వేరేవాళ్ల గానుగలో కూలికి ఆడించి, నూనె అమ్మి చూడండి. ఎందుకంటున్నానో లెక్కలతో చెప్తాను. అంతకంటే ముందు మీ నాయన మాట గురించి.

అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో ఈ మాట ఎత్తితే చిన్న రైతుల్లో ఎక్కువ మంది ఆయన అన్నదే అంటారు. వాళ్లు పనికి వెనకాడి అంటున్నారనుకుంటే పొరపాటు. మైదుకూరు వైపు పసుపు రైతును చూడండి. పచ్చి దుంపను ఉడకబెడతాడు, రోజుల తరబడి ఎండబెడతాడు, డ్రమ్ములో తిప్పి మెరుగు పెడతాడు. నూరు కిలోల పచ్చి దుంప దాదాపు ఇరవై కిలోల ఎండు కొమ్ము అవుతుంది. అంత చాకిరీ చేసేది ఎండు కొమ్మును కడప యార్డుకు తెస్తే కాటా వేసి కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే. విలువ పెంచడం మన రైతుకు తెలియని విద్య కాదు. పెంచిన సరుకును అదే వారంలో కాటా వేసి డబ్బిచ్చే చోటు ఉందా లేదా అన్నదే ఆయన చూసేది. నూనె సీసాకు యార్డు లేదు. గడప గడపకూ మీరే పోవాలి, అప్పు పెట్టాలి, వసూలు చేసుకోవాలి. మీ నాయన చెప్తున్నది ఈ తేడానే.

ఇంకో రెండు అడ్డంకులు ఉంటాయి, రైతులు వాటిని నలుగురిలో చెప్పరు. ఒకటి, కాయ కళ్లంలో ఉండగానే డబ్బు కావాలి. పంట రుణం తిరగరాయాలి, ఎరువుల అంగడి బాకీ తీర్చాలి, రబీకి విత్తనం కొనాలి. పెట్టుబడికి అప్పిచ్చిన వ్యాపారికే కాయ తోలాల్సిన పరిస్థితి చాలా ఇళ్లలో ఉంది. నాలుగు నెలలు సరుకు ఆపుకోవడం అలాంటి ఇంటికి సాధ్యం కాదు. రెండోది, ఏరడం, సీసాలు నింపడం లాంటి పనులన్నీ చివరికి ఇంటి ఆడవాళ్ల మీద పడతాయి, ఆ కూలి ఎవరూ లెక్కలో రాయరు. రాయండి. రాయకపోతే నష్టం కూడా లాభంలాగే కనబడుతుంది.

అందుకే పంట మొత్తం ఆపకండి. ఎకరాకు 5 క్వింటాళ్లు వచ్చిందనుకుంటే మీకు 25 క్వింటాళ్లు. అందులో 20 ఎప్పటిలాగే అమ్మేయండి, అప్పులు తీరతాయి. మిగిలిన 5 క్వింటాళ్లతో ప్రయోగం చేయండి.

ఇక లెక్క. ఒక క్వింటా కాయ ఒలిస్తే మన రకాలకు సుమారు 70 కిలోల గింజ వస్తుంది. పండు కాలంలో వాన మొహం చాటేస్తే కాయ సరిగా నిండదు, అప్పుడు 65కు కూడా పడిపోతుంది. ఆ 70లో ముడతలు పడ్డవి, బద్దలు, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరేస్తే 63 మిగులుతుంది. కట్టె గానుగలో లీటరు నూనెకు రెండున్నర కిలోల గింజ పడుతుంది. అంటే 25 లీటర్ల నూనె, నూనె తీశాక మిగిలే చెక్క 35 కిలోల దాకా.

ధరలు రోజుకోలా ఉంటాయి కాబట్టి కాయకు 2025-26 మద్దతు ధర క్వింటాకు 7,263 రూపాయలే పెట్టి చూద్దాం. మిగతా రేట్లు నేను ఉదాహరణకు వేసినవి, మీ ఊరివి పెట్టుకోండి. ఒలిచి ఏరడానికి 400. గానుగ కూలి కిలోకు 12 చొప్పున 63 కిలోలకు 756. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె కలిపి లీటరుకు 18 చొప్పున 450. రవాణాకు, కారిపోయేదానికి 300. మొత్తం ఖర్చు 1,906. కాయ ధర కలిపితే 9,169. చెక్క కిలో 35 చొప్పున 1,225 వస్తుంది. ఏరేసిన 7 కిలోల్లో ఆరోగ్యంగా ఉన్న బద్దలు, చిన్న గింజలకు ఓ 350 అనుకోండి. ఈ రెండూ తీసేస్తే 7,594. దాన్ని 25 లీటర్లకు పంచితే లీటరు మీకు పడేది 304 రూపాయలు.

దీన్ని నేరుగా ఇంటికి 350కి అమ్మితే లీటరుకు 46 రూపాయలు, క్వింటా కాయ మీద 1,150 మిగులుతుంది. అదే 350 సీసాను అంగడికి ఇస్తే అతను ఇరవై శాతం తీసుకుంటాడు, మీ చేతికి 280. లీటరుకు 24 రూపాయలు నష్టం. కాయ అమ్మి ఇంట్లో కూర్చున్నా అంతకంటే మేలు. చిన్న గానుగలు మూతపడటానికి ఎక్కువ సార్లు కారణం ఇదే. నూనె బాగానే ఉంటుంది, అమ్మకం మాత్రం అంగళ్ల మీద ఆధారపడి ఉంటుంది. అంగడివాడి వాటా మొదటి రోజు నుంచీ లెక్కలో వేసుకోని ధర ధర కాదు.

మరి సొంత గానుగ ఎప్పుడు? ఒక కట్టె గానుగ విడతకు 15 కిలోల దాకా తీసుకుని, ముప్పావు గంట నుంచి గంట ఆడుతుంది. నిమిషానికి పది పదిహేను చుట్లే తిరుగుతుంది కాబట్టి తొందర పెట్టలేం. రోజుకు ఏడు విడతలు అనుకుంటే 105 కిలోల గింజ. మీ ఐదెకరాల పంట మొత్తం, ఏరిన గింజ 1,575 కిలోలు, దానికి పదిహేను రోజుల మేత. ఏడాదిలో 300 రోజులు ఆడాలంటే దాదాపు వంద ఎకరాల పంట కావాలి. కాబట్టి గానుగ కొన్న రోజు నుంచి మీరు రైతు మాత్రమే కాదు, గింజ కొనే వ్యాపారి కూడా అవుతారు. దానికి వేరే పెట్టుబడి కావాలి. చాలా మంది లోను లెక్కలో ఆ డబ్బు ఉండదు.

యూనిట్ 6 లక్షలు అనుకుందాం. పీఎం ఎఫ్‌ఎంఈ పథకంలో (చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం సాయం) రాయితీ 35 శాతం, గరిష్ఠం 10 లక్షలు. మీ వాటా కనీసం 10 శాతం. అంటే మీరు 60 వేలు, బ్యాంకు 5 లక్షల 40 వేలు, రాయితీ 2 లక్షల 10 వేలు. ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ రాయితీ మీ చేతికి రాదు. బ్యాంకులోనే విడిగా పడి ఉంటుంది, మూడేళ్లు యూనిట్ నడిచి, వాయిదాలు సక్రమంగా కట్టి ఉంటేనే లోనులో సర్దుతారు. మధ్యలో ఆగిపోతే అది దక్కదు, అప్పు మొత్తం మీ నెత్తినే. దరఖాస్తుకు ముందు పథకం గడువు ఎంతవరకు ఉందో దరఖాస్తులకు సాయం చేసే జిల్లా రిసోర్స్ పర్సన్‌ను అడిగి తెలుసుకోండి.

రాయితీ పోగా మిగిలే 3 లక్షల 30 వేలకు ఐదేళ్లకు 11 శాతం వడ్డీ వేసుకుంటే నెలకు 7,200 దాకా వాయిదా. ఆడించే మనిషికి 12,000, కరెంటుకు, మరమ్మతుకు 2,000. నెలకు 21,200. ఇదే డబ్బుతో కిలో 12 చొప్పున బయట ఆడిస్తే 1,767 కిలోలు ఆడించుకోవచ్చు, అంటే 700 లీటర్ల నూనె. నెలకు 700 లీటర్లు అమ్మే దాకా సొంత గానుగ కంటే కూలి గానుగే చవక. ఇంటికి నెలకు రెండున్నర లీటర్లు పోయినా 280 ఇళ్లు మీ దగ్గరే కొనాలి. ఆ 280 ఇళ్లు దొరికాక గానుగ కొనండి, అప్పుడు బ్యాంకుకు కూడా చూపించడానికి మీ దగ్గర పుస్తకం ఉంటుంది.

ఇప్పటిదాకా డబ్బు సంగతి. అసలు పట్టు పట్టాల్సింది గింజ దగ్గర. మన జిల్లాల్లో నూనె చెడిపోవడానికి, మనిషికి హాని జరగడానికి మూలం అక్కడే ఉంది.

వేరుశనగ మీద పెరిగే ఆకుపచ్చ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాయ నిండే చివరి నాలుగైదు వారాలు బెట్ట తగిలితే భూమిలో ఉండగానే బూజు సోకుతుంది, అనంతపురంలో దాదాపు ప్రతి ఏడూ జరిగేది అదే. పీకాక కుప్ప మీద వాన పడితే ఇంకా పెరుగుతుంది. పెద్ద ఫ్యాక్టరీలో నూనెను క్షారంతో శుద్ధి చేసి, రంగు తీసినప్పుడు ఈ విషం పోతుంది. గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు. ఎక్కువ భాగం చెక్కలో చేరినా కొంత నూనెలో మిగులుతుంది. కాబట్టి "నాసి గింజ నూనెకు, మంచి గింజ అమ్మకానికి" అనే పాత అలవాటు కట్టె గానుగకు అస్సలు పనికిరాదు. ఇక్కడ మంచి గింజే గానుగలోకి పోవాలి.

పని పొలంలోనే మొదలవుతుంది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోస్తే గింజ నిండుతుంది, తాలు తగ్గుతుంది, తొక్క గట్టిపడి బూజు చొరబడటం కూడా తగ్గుతుంది. పీకిన చెట్లను కాయ పైకి ఉండేలా తిప్పి రెండు మూడు రోజులు వరుసల్లో ఆరనివ్వండి. చచ్చిపోయిన చెట్ల కాయ, పార తగిలి పగిలిన కాయ, పురుగు తొలిచిన కాయ మొదటే వేరు చేయండి. భూమిలో మిగిలి తర్వాత ఏరుకున్న కాయను మంచి కాయలో కలపకండి, బూజు ఎక్కువగా ఉండేది దానిలోనే.

కాయ తేమ 8 శాతానికి దిగాలి. మీటరు లేకపోతే చెవి దగ్గర ఆడించండి, లోపల గింజ గలగలమనాలి. రెండు వేళ్ల మధ్య నలిపితే ఎర్ర పొర ఊడి రావాలి. కొరికితే మెత్తగా నలగకుండా టక్కున విరగాలి. నేల మీద కాకుండా పట్టల మీద ఎండబెట్టి, సాయంత్రం మంచు దిగే లోపు కుప్ప చేసి కప్పండి. బస్తాలు చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. ఆ గదిలో చింతపండు, చింతకాయలు ఉంచొద్దు. కాయకు గుండ్రటి రంధ్రం చేసే పురుగు చింతకాయ మీద కూడా బతుకుతుంది, అక్కడి నుంచి ఇటు వస్తుంది.

ఒలిపించే మిల్లు దగ్గర ఒకటి కళ్లారా చూసుకోండి. గింజ బద్దలు కాకూడదని కొందరు కాయ మీద నీళ్లు చల్లి మిషనులో పోస్తారు. ఆ చెమ్మతోనే గింజను బస్తాకెత్తితే రెండు మూడు రోజుల్లో లోపల బూజు లేస్తుంది. నీళ్లు చల్లొద్దని ముందే చెప్పండి. బద్ద కాస్త ఎక్కువైనా పొడిగానే కొట్టించండి. గింజగా నెలల తరబడి నిల్వ పెట్టకుండా కాయగా ఉంచి, ఆడించే వారానికి సరిపడా ఒలిపించుకోండి. తొక్కను మించిన మూట లేదు.

ఏరడం కిటికీ వెలుతురులో, తెల్లటి గుడ్డ మీద జరగాలి. ముడత పడినవి, నల్లబడినవి, పసుపు మచ్చలున్నవి, నొక్కితే ఆకుపచ్చ పొడి రాలేవి పక్కకు. బయటికి బాగున్నా తేలిగ్గా అనిపించిన గింజను విప్పి చూడండి, రెండు బద్దల మధ్య సందులో బూజు దారం కనబడుతుంది. ఈ బూజు గింజను చెక్కలో కలపొద్దు, పశువుకు వేయొద్దు. విషం పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మీ ఇంటి పిల్లలే. గొయ్యి తీసి పూడ్చేయండి. పై లెక్కలో 350 వేసింది మంచి బద్దలకు మాత్రమే, వీటికి కాదు.

గానుగ దగ్గర చూడాల్సింది కూడా కొంచెం ఉంది. గింజ ముద్దగా మారి అంచుకు చేరేటప్పుడు ఆడించే మనిషి చేత్తో నీళ్లు చిలకరిస్తాడు. అస్సలు పోయకపోతే నూనె ముద్ద నుంచి విడిపోదు. ఎక్కువైతే నూనె తెల్లటి మసకగా దిగుతుంది, రెండు నెలలకే మక్కు వాసన, అంటే పాత నూనె కంపు, వస్తుంది. మీకంటే ముందు ఆ గానుగలో ఆముదమో, కుసుమో, నువ్వులో ఆడి ఉంటే ముందు ఒక విడత మీ గింజే వేసి, ఆ నూనెను సీసాల్లో కలపకుండా పక్కన పెట్టండి. వచ్చిన నూనెను స్టీలు డ్రమ్ములో మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైనుంచి తేరిన నూనెను రెండు పొరల గుడ్డలో వడకట్టండి. రాగి, ఇత్తడి, తుప్పు పట్టిన ఇనుము తగిలితే నూనె త్వరగా చెడుతుంది. సీసా గొంతు దాకా నింపి, ఎండ తగలని చోట ఉంచండి. గాలి, వెలుతురు, నీటి చుక్క, ఈ మూడే నూనెకు శత్రువులు.

నూనె విడిగా, డబ్బాలోంచి కొలిచి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ప్యాక్ చేసి, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నంబరుతో అమ్మాలి. కూలికి ఆడించినా సీసా మీద మీ పేరు వేసుకుంటే రిజిస్ట్రేషన్ మీకూ ఉండాలి, గానుగ యజమానికీ ఉండాలి. లేబుల్ మీద పరిమాణం మిల్లీలీటర్లలోనూ గ్రాముల్లోనూ వేయండి, లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు. ప్యాక్ చేసిన తేదీ, బ్యాచ్ నంబరు, ఎన్నాళ్లలోపు వాడాలో, గరిష్ఠ ధర, చిరునామా, ఫోను, శాకాహార గుర్తు ఉండాలి. "కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది" లాంటి మాటలు మాత్రం వేయొద్దు, నూనె లేబుళ్ల మీద అవి నిషిద్ధం.

అమ్మకానికి మనకున్న పెద్ద వసతి బెంగళూరు. జాతీయ రహదారి 44 మీద అనంతపురం నుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. మన జిల్లా పిల్లలు అక్కడ వేలల్లో ఉన్నారు. ఒక్కో సీసా కాకుండా 5 లీటర్ల డబ్బాలు, నెలకొకసారి, ముందే డబ్బు తీసుకుని, ఒక అపార్ట్‌మెంటుకు ఒకే రోజు దింపేలా చేస్తే రవాణా లెక్కలో ఇముడుతుంది. నాలుగైదు చోట్ల తిరిగితే లీటరుకు మిగిలే 46 రూపాయలు డీజిలుకే పోతాయి.

నూనె తప్ప వేరే దారి లేదా అంటారేమో. పత్తికొండ వైపు టమాట పారబోసినప్పుడల్లా "ఎండబెట్టి అమ్మొచ్చు కదా" అని సలహా ఇస్తుంటారు. సంకర రకాల టమాటలో నీరే ఎక్కువ, కిలో ఎండు ముక్కలకు 15 నుంచి 20 కిలోల పండు పడుతుంది. కొనేవాడు ముందే ఒప్పుకుంటే తప్ప చిన్న రైతు దానిలో దిగొద్దు. కొర్ర మాత్రం మీకు నప్పుతుంది. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది లాంటి రకాలు 75 రోజుల్లో చేతికొస్తాయి. కొర్రను గింజగా ఏళ్ల తరబడి దాచుకోవచ్చు, బియ్యం చేశాక తవుడులోని నూనె వల్ల రెండు నెలలకే చేదెక్కుతుంది. అందుకని ఆర్డరు వచ్చినప్పుడే మర పట్టించాలి, క్వింటాకు 65 నుంచి 70 కిలోల బియ్యం వస్తుంది. చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో నడిచే ధరణి సహకార సంఘం చిరుధాన్యాలు, వేరుశనగ సభ్యుల దగ్గరే కొని, ఉత్పత్తులుగా చేసి అమ్ముతుంది. మీ నాయనను ఒకసారి అక్కడికి తీసుకుపోండి. కాటా వేసి కొనేది రైతుల సంఘమే అయినప్పుడు ఎలా ఉంటుందో ఆయన చూస్తే మీ ఇద్దరి వాదన సగం తగ్గుతుంది.

ఐదు క్వింటాళ్లను ఒకేసారి ఆడించకండి. జనవరి నుంచి నెలకు ఒక క్వింటా చొప్పున ఐదు సార్లు ఆడించండి. ప్రతి విడత నుంచి ఒక సీసాకు తేదీ రాసి బీరువాలో దాచి, నెలకోసారి మూత తీసి వాసన చూడండి. మక్కు వాసన ఏ సీసాలో ముందు వస్తుందో ఆ విడత గింజ ఎప్పుడు ఒలిచారో, ఎవరు ఏరారో, గానుగలో నీళ్లు ఎంత చల్లారో వెనక్కి చూసుకోవడానికి పుస్తకంలో రాసి ఉంచండి.